మీ ఇంట్లో పారా సిపాయి ఉంటే ఆయన చరిత్ర ఇట్లా రాయండి

మా బాపు (నాన్న) పారా బ్రిగేడ్‌లో, అంటే విమానాల నుంచి పారాచూట్‌తో దూకే దళంలో, పదిహేడేండ్లు నౌకరీ చేశాడు. 1963లో సికింద్రాబాద్‌లో భర్తీ అయి, 1980లో పెన్షన్ మీద పరకాల దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాడు. 2009లో పోయాడు.

నేను హైస్కూల్లో ముప్పై ఏండ్లకు పైగా సోషల్ చెప్పాను. పానిపట్టు యుద్ధాలు మూడింటినీ తారీఖులతో సహా బోర్డు మీద రాసేదాన్ని. 1971 డిసెంబర్‌లో ముత్తాత ఎక్కడున్నాడని నా మనుమడు అడిగితే మాత్రం, ఊరోళ్ళు అనే మాటనే అప్పజెప్పాను: "బంగ్లాదేశ్ లడాయిల గాలిమోటర్ల నుంచి దుంకిండు." ఆ మాట నిజం కాదని తేలడానికి నాకు మూడేండ్లు పట్టింది. ఆ మూడేండ్లలో ఏ పని ముందు చేయాలో, ఏది చేయకూడదో నేర్చుకున్నాను. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు చాలా ఇండ్లలో ఇట్లాంటి సిపాయి ఒకరున్నారు. ఆయన ఫోటో గోడ మీద ఉంటుంది. ఆయన ఏ పల్టన్‌లో చేశాడో ఎవరికీ తెలియదు. ఆ ఇండ్లవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు యూనిట్ పేరు తేల్చుకోండి

"పారాల చేసిండు" అనే మాట ఒక్కటి పట్టుకుని మొదలుపెడితే దారి తప్పుతారు. నేను అట్లనే తప్పాను. ఏడాది పాటు పారాచూట్ రెజిమెంట్ పటాలాల చరిత్ర చదివాను. బాపు జాడ ఒక్కచోట కూడా దొరకలేదు. చివరికి డిశ్చార్జి బుక్ (సైన్యం నుంచి రిటైరైనప్పుడు ఇచ్చే పుస్తకం) మొదటి పేజీ సరిగ్గా చదివితే, ఆయన అసలు ఆ రెజిమెంట్ మనిషే కాదని తెలిసింది. ఆయనది ఆర్మీ మెడికల్ కోర్. నర్సింగ్ అసిస్టెంటుగా 60 పారా ఫీల్డ్ అంబులెన్స్‌లో చేశాడు.

సంగతి ఏమిటంటే, పారాచూట్ రెజిమెంట్ వేరు, పారాచూట్ బ్రిగేడ్ వేరు. రెజిమెంట్ అంటే తుపాకీ పట్టి నడిచే పదాతి దళం, 1 పారా, 2 పారా అని నంబర్లున్న పటాలాలు. బ్రిగేడ్ అంటే ఆ పటాలాలతో పాటు ఫిరంగులవాళ్ళు, సాపర్లు (సైన్యం ఇంజనీర్లు), సిగ్నల్ వాళ్ళు, వైద్యం వాళ్ళు అందరూ కలిసిన గుంపు. అందరూ ఆగ్రాలో అవే ఐదు దూకుళ్ళు దూకి, ఛాతీ మీద రెక్కల బ్యాడ్జీ పెట్టుకుంటారు. అందరికీ అదే మెరూన్ రంగు టోపీ. ఫోటోలో టోపీ చూసి రెజిమెంట్ తేల్చలేం. మన తెలుగువాళ్ళు ఫిరంగి దళంలో, సాపర్లలో, మెడికల్ కోర్‌లో ఎక్కువగా చేరేవాళ్ళు కాబట్టి మన ఇండ్లల్లో ఈ తికమక ఇంకా ఎక్కువ.

అందుకని డిశ్చార్జి బుక్‌లో మూడే చూడండి. సర్వీసు నంబరు (చివర అక్షరం ఉంటే దాంతో సహా), కోర్ లేదా రెజిమెంట్ పేరు, ఆఖరి యూనిట్ పేరు. డిశ్చార్జి బుక్ దొరకకపోతే పెన్షన్ పేమెంట్ ఆర్డర్ చూడండి. మన దగ్గర దాన్ని పీపీఓ అంటారు. అవ్వకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే బ్యాంకు పాస్‌బుక్కు వెనకాల కవర్లో అది ఉందేమో చూడండి.

ఇంకో చిక్కుంది. పటాలాల పేర్లు మారుతూ వచ్చాయి. మీ తాత 8 పారాలో చేశాడనుకోండి, ఇప్పటి రెజిమెంట్‌లో ఆ పటాలం కోసం వెతికితే దొరకదు. అది 1976లో మహార్ రెజిమెంట్‌లోకి, ఆ తర్వాత మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలోకి పోయింది. 1 పారా 1978లో కమాండో పటాలంగా మారింది, ఇప్పుడు స్పెషల్ ఫోర్సెస్ అంటారు. ఆయన 1970లో రిటైరైతే "మా తాత స్పెషల్ ఫోర్సెస్" అని రాయకండి. అప్పటికి ఆ పటాలానికి ఆ పేరు లేదు.

సందూక తెరిచినప్పుడు

బాపు సందూక నల్ల రంగుది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు, "వరంగల్" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తెరవగానే అన్నీ బయట పోయకండి. ముందు ఎట్లున్నది అట్లనే ఫోన్‌తో ఫోటో తీయండి. ఏ కాగితం దేని కింద ఉందో అది కూడా సమాచారమే. బాపు జంపుల నోటుబుక్కు, మా అవ్వకు (అమ్మకు) రాసిన ఒక ఇన్‌లాండ్ లెటర్ ఒకే గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటిని నేను మొదటి రోజే విడదీసి వేరే వేరే కవర్లలో వేశాను. ఆ రెండింటికీ సంబంధం ఉందని తర్వాత ఎప్పుడో తట్టింది.

ఫోటోలను లామినేషన్ చేయించకండి. ఇది నేను బతిమాలి చెప్తున్నాను. బాపు, ఇంకా పదకొండు మంది ప్యాకెట్ అనే సైన్యం రవాణా విమానం ముందు నిలబడ్డ ఫోటో మా దగ్గర ఒక్కటే ఉండేది. వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాసి ఉన్నాయి. పాడైపోతుందన్న భయంతో ఒక షాపులో లామినేషన్ చేయించాను. వేడికి ఫోటో ఒకవైపు ఉబ్బింది, వెనక పెన్సిల్ గీతలు కలిసిపోయాయి. పన్నెండు పేర్లలో ఇప్పుడు నాలుగే చదవగలుగుతున్నాను. మీరు ముందు రెండు పక్కలా స్కాన్ తీయించండి. స్కాన్ అయ్యేదాకా షాపులో వదిలి రాకుండా అక్కడే కూర్చోండి. తర్వాత నూలు బట్టలో గానీ తెల్ల కాగితంలో గానీ చుట్టి దాచండి. మెరూన్ టోపీ పురుగు కొట్టకుండా ఎండిన వేపాకు వేసి, వానాకాలం పోయాక ఒకసారి నీడలో ఆరబెడితే చాలు. ఎండలో పెడితే రంగు పోతుంది.

పతకాలు చదవడం

పతకాలను మెరిపించాలని బ్రాసోతో రుద్దకండి. అంచు మీద నంబరు, పేరు చిన్న అక్షరాలతో కొట్టి ఉంటాయి. రుద్దితే అవే ముందు పోతాయి. భూతద్దం పెట్టి, టార్చిలైటు పక్క నుంచి వేస్తే కనిపిస్తాయి.

బాపువి ఐదు పతకాలు. రక్షా మెడల్ 1965 యుద్ధ కాలంలో నౌకరీలో ఉన్నవాళ్ళకు ఇచ్చింది. సంగ్రామ్ మెడల్ 1971 యుద్ధానిది. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం అంటే 1972 ఆగస్టు 15న ఆయన సైన్యంలో ఉన్నాడని లెక్క. తొమ్మిదేండ్ల సర్వీసు పతకం సంగతి పేరే చెప్తుంది. ఐదోది పూర్వీ స్టార్.

ఈ ఐదోది గట్టి సాక్ష్యం. 1971లో తూర్పు రంగంలో ఉన్నవాళ్ళకు పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉన్నవాళ్ళకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. పూర్వీ స్టార్ ఉంది కాబట్టి బాపు తూర్పున ఉన్నాడు. అంతవరకు నిజం. నేను అక్కడితో ఆగలేదు. పూర్వీ స్టార్ ఉంది, పారా మనిషి, అందుకని బంగ్లాదేశ్‌లోని టాంగైల్‌లో పారా పటాలం దూకినప్పుడు ఆయన కూడా దూకే ఉంటాడని ఖాయం చేసుకున్నాను. పతకం ఎక్కడున్నాడో చెప్తుంది గాని, ఏం చేశాడో చెప్పదు.

రెండు గడుల నోటుబుక్కు

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడ్డది వంద పేజీల నోటుబుక్కు. ప్రతి పేజీని నిలువుగా గీత కొట్టి రెండు గడులు చేశాను. ఎడమ గడిలో ఇంటి సంగతి, కుడి గడిలో బ్రిగేడ్ సంగతి. ఒక్కో సంవత్సరానికి ఒక్కో పేజీ.

ఎడమ గడి అవ్వతో నింపాను. "1968లో బాపు ఎక్కడున్నాడు?" అని అడిగితే అవ్వకు తెలియదు. "తమ్ముడు కడుపుల ఉన్నప్పుడు ఆయన ఎక్కడున్నడు?" అంటే టక్కున చెప్పింది. మన పెద్దవాళ్ళకు సంవత్సరాలు అంకెల్లో ఉండవు. పిల్లల కాన్పులు, 69 ఉద్యమంలో బడులు మూతపడ్డ రోజులు, బాయి తవ్విన ఏడు, మేడారం జాతరకు బండి కట్టుకుని పోయిన ఏడు, ఇవే వాళ్ళ క్యాలెండర్. అట్లా అడిగి, తర్వాత మీరు అంకె వేసుకోండి.

కుడి గడి కోసం బ్రిగేడ్ చరిత్రలో గట్టి తారీఖులు కావాలి. నేను రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను, మీ కాలానికి తగ్గవి తీసుకోండి.

50వ పారాచూట్ బ్రిగేడ్ 1941 అక్టోబర్‌లో ఢిల్లీలో పుట్టింది. అప్పుడు మూడు పటాలాలు: 151 బ్రిటిష్, 152 ఇండియన్, 153 గూర్ఖా. దూకిన మొదటి భారతీయులు 152వ పటాలం డాక్టరు లెఫ్టినెంట్ ఏ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్. మొట్టమొదట దూకినవాళ్ళలో ఒకరు డాక్టరని చదివినప్పుడు, దవాఖాన సంచి మోసిన మనిషి బిడ్డగా నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. 1944 మార్చిలో మణిపూర్‌లోని సంగ్‌షాక్ అనే గుట్ట మీద ఈ బ్రిగేడ్ జపాన్ సైన్యాన్ని దాదాపు వారం రోజులు ఆపింది. నీళ్ళు లేవు. విమానాలు వేసిన మూటలు చాలావరకు శత్రువు చేతిలో పడ్డాయి. 26వ తారీఖు రాత్రి బతికున్నవాళ్ళు చీకట్లో బయటపడ్డారు. 1945 మే 1న గూర్ఖా పారా పటాలం రంగూన్ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో దూకింది. మీ ముత్తాత ఆ కాలంలో చనిపోయి ఉంటే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టి వెతకండి, పైసలు అడగదు. పేరు స్పెల్లింగ్ పది రకాలుగా మార్చి చూడాలి. మన పేర్లను అప్పటి గుమాస్తాలు ఇష్టమొచ్చినట్టు రాశారు.

స్వాతంత్ర్యం తర్వాత కశ్మీర్ యుద్ధంలో ఈ బ్రిగేడ్‌ను నడిపించింది బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్. నౌషేరాను కాపాడి, 1948 జులై 3న ఝంగర్‌లో ప్రాణం విడిచాడు. మహావీర చక్ర ఇచ్చారు. ఇప్పుడున్న పారాచూట్ రెజిమెంట్ 1952 ఏప్రిల్ 15న ఏర్పడింది. పంజాబ్, మరాఠా, కుమావ్ రెజిమెంట్ల నుంచి ఒక్కో పాత పటాలాన్ని తీసుకుని 1, 2, 3 పారా చేశారు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్ళు కాసేపు ఆగాలి. 3 పారా అయిన ఆ కుమావ్ పటాలం 1813లో పుట్టింది. పుట్టింది కొండల్లో కాదు, మన నిజాం రాజ్యంలో. హైదరాబాద్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ పేరు మీద దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అనేవాళ్ళు. ఆ తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్, 1922 తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంట్, 1945లో కుమావ్ రెజిమెంట్. పారా బ్రిగేడ్‌కు మనకు ఏ సంబంధం లేదనుకునే పిల్లలకు నేను ముందు ఇదే చెప్తాను. 1 పారా మూలం కూడా దక్షిణాదిదే. 1761లో మద్రాసు ప్రాంతంలో లేపిన సిపాయి పటాలం, తర్వాత పంజాబ్ పేరు పెట్టుకుంది.

1961 డిసెంబర్‌లో బ్రిగేడ్ గోవాకు పోయింది. 1965 ఆగస్టు 28న 1 పారా కశ్మీర్‌లోని హాజీపీర్ కనుమను పట్టుకుంది, మేజర్ రంజిత్ సింగ్ దయాల్‌కు మహావీర చక్ర వచ్చింది. 1966లో 9 పారా కమాండో, ఆ మరుసటేడు 10 పారా కమాండో పటాలాలు ఏర్పడ్డాయి. 1971 సంగతి కింద వివరంగా రాస్తాను. 1988 నవంబర్ 3 రాత్రి ఆగ్రా నుంచి ఐఎల్-76 విమానాల్లో 6 పారా మాల్దీవులకు పోయి అక్కడి ప్రభుత్వాన్ని కాపాడింది. మీ అన్ననో బావనో ఆ కాలం మనిషైతే ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి, వాళ్ళకు ఇంకా అన్నీ గుర్తున్నాయి.

నిజమని తేలిన కథ

బాపు చలికాలం నెగడు దగ్గర ఒక కథ చెప్పేవాడు. "మా యూనిట్ పెద్దోళ్ళు కొరియాల రైలింజన్ను తోలిండ్రు. బకీట్లతోని నీళ్ళు పోసి నడిపిచ్చిండ్రు." మేము నవ్వేవాళ్ళం. దవాఖానోళ్ళు రైలు నడపడమేంటని. ఎడమ గడిలో అనుమానంగా, పెన్సిల్‌తో రాశాను.

కుడి గడి నింపుతుంటే అది అక్షరాలా నిజమని తేలింది. 60 పారా ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబర్‌లో కొరియా చేరింది. నడిపించింది ఆ రంగరాజ్ గారే, అప్పటికి లెఫ్టినెంట్ కల్నల్. కొన్ని రోజులకే ప్యాంగ్యాంగ్ నుంచి అందరూ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. సామాను మోసే బండ్లు లేవు, వదిలేసి రమ్మన్నారు. వీళ్ళు వదల్లేదు. ఒక పాత ఆవిరి ఇంజన్, కొన్ని డబ్బాలు దొరకబట్టారు. మనుషులు వరుసగా నిలబడి బకెట్లతో నీళ్ళందించి బాయిలర్ నింపారు. ఆపరేషన్ సామానంతా ఎక్కించుకుని, వంతెన పేల్చేసే లోపల దాటేశారు. 1951 మార్చి 23న మున్సాన్-నిలో అమెరికా 187వ పారా దళంతో కలిసి రంగరాజ్ గారు పన్నెండు మందిలో ఒకరిగా దూకారు. యూనిట్ 1954 దాకా కొరియాలో ఉంది.

బాపు ఆ యూనిట్‌కు వచ్చేసరికి కొరియా చూసినవాళ్ళు ఇంకా కొందరు నౌకరీలో ఉన్నారు. వాళ్ళ నోటి నుంచి విని మాకు చెప్పాడు. మేము నవ్వినప్పుడు ఆయన ఏమీ అనకుండా నెగట్లో ఇంకో పుల్ల వేసేవాడు. అందుకే చెప్తున్నాను, నమ్మబుద్ధి కాని మాటను కొట్టేయకండి. పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

టాంగైల్ దగ్గర నేను పొరబడ్డది

1971 డిసెంబర్ 11 సాయంత్రం టాంగైల్ దగ్గర 2 పారా పటాలం దళం విమానాల నుంచి దూకింది. లెఫ్టినెంట్ కల్నల్ కుల్వంత్ సింగ్ పన్ను నడిపించాడు. మైమెన్‌సింగ్ వైపు నుంచి ఢాకాకు వెనక్కి వస్తున్న పాకిస్తాన్ బ్రిగేడ్‌కు దారి తెంపాలి, అందుకోసం లోహాజంగ్ నది మీదున్న పూంగ్లీ వంతెన పట్టుకోవాలి. డకోటాలు, ప్యాకెట్లు, ఏఎన్-12లు, కారిబూలు వాడారు. వంతెన ఆ రాత్రే చేతికొచ్చింది. మరుసటి రోజు భూమార్గంలో వచ్చిన మరాఠా పటాలం వీళ్ళను కలిసింది. డిసెంబర్ 16న ఢాకాలో ముందుగా అడుగుపెట్టినవాళ్ళలో 2 పారా ఉంది. రెజిమెంట్‌కు "పూంగ్లీ బ్రిడ్జ్" అనే యుద్ధ గౌరవం దక్కింది. స్వతంత్ర భారతంలో ఒక పటాలం దళం యుద్ధంలో ఆకాశం నుంచి దిగడం అదే మొదటిసారి. ఫిరంగులవాళ్ళు, సాపర్లు, వైద్యం వాళ్ళలో కొందరు వెంట దూకారు. కొందరే. నేను ఆ "కొందరు" అన్న మాట మీద కళ్ళు ఆపలేదు.

మొదటి అనుమానం జంపుల నోటుబుక్కు దగ్గర వచ్చింది. బాపు తన చేత్తో ప్రతి దూకుడూ రాసుకున్నాడు. తారీఖు, విమానం పేరు, పగలా రాత్రా. మొత్తం నలభై మూడు. 1971 అక్టోబర్ తర్వాత ఖాళీ. మళ్ళీ మొదలయ్యేది 1972 ఏప్రిల్‌లో. మామూలు ట్రైనింగ్ దూకుడు కూడా వదలకుండా రాసిన మనిషి, యుద్ధంలో దూకితే రాయడా? లడాయిలో రాసే తీరిక దొరకలేదేమో అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

తర్వాత మంథని వైపు ఒక పెద్దాయన దొరికాడు. పారా ఫిరంగి దళంలో చేశాడు, ఆ రోజు దూకాడు. నేను ఆయన్ను "చిన్నబాపు" అనే పిలుస్తాను. పొద్దు గుంకే వేళ దిగడం, కొన్ని మూటలు చెరువుల్లో పడడం, అక్కడి ఊరి జనం పరిగెత్తుకొచ్చి పెట్టెలు మోయడం, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పాడు. చాయ్ తాగాక నేను అడిగాను. ఆయన చాలాసేపు నేల చూశాడు. "నేను చూసినంత మట్టుకు మీ బాపు దుంకినోళ్ళల్ల లేడు బిడ్డా. ఎన్క కలిసిండు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ ఇన్‌లాండ్ లెటర్ మళ్ళీ తీశాను. కాగితం మడత దగ్గర చినుగుతుందని అంతకుముందు పూర్తిగా విప్పలేదు. చిరునామాలో 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి: సైన్యం ఉత్తరాల్లో 56 ఏపీఓ, 99 ఏపీఓ అని రెండుంటాయి. 99 కలకత్తా మీదుగా తూర్పు దిక్కు యూనిట్లకు పోతుంది, 56 ఢిల్లీ మీదుగా పోతుంది. ఊరి పేరు రాయనియ్యరు కాబట్టి, ఈ అంకె, పోస్టు ముద్ర మీది తారీఖు, ఇవే మీకు దిక్సూచి. ముద్ర మీద 1972 జనవరి. లోపల బాపు రాసింది:

"మా దాంట్ల కొందరు గాలిమోటర్ల నుంచి దిగిండ్రు. నా నంబరు రాలే. మేము లారీలల్ల ఎన్క పోయినం. దెబ్బలు తాకినోళ్ళను చూసుకున్నం, మనోళ్ళను, వాళ్ళోళ్ళను. నేను మంచిగున్న. పెద్దదాన్ని బడి మానిపియ్యకు."

ఆ పెద్దదాన్ని నేనే.

అవ్వకు చదివి వినిపించాను. ఊరంతా ఇన్నేండ్లు తప్పు చెప్పిందని నేను బాధపడుతుంటే అవ్వ అన్నది: "ఆయన దుంకిన అని ఎన్నడు చెప్పిండు? ఊరోళ్ళే అన్నరు. కాదని ఎంతమందికి చెప్తడు?"

మీకూ ఇట్లాంటి రోజు వస్తుంది. వచ్చినప్పుడు రెండూ రాయండి, ఊరు ఏమన్నదో, కాగితం ఏమన్నదో. ఒకదాన్ని చెరిపి ఇంకోటి పెట్టకండి. నేను 1971 పేజీలో ఎడమ గడిలో ఊరి మాట అట్లనే ఉంచి, కింద ఉత్తరం జిరాక్స్ అతికించాను.

పెద్దవాళ్ళను అడిగే తీరు

"యుద్ధంలో ఏం చేసిండ్రు?" అని మొదలుపెడితే పాత సిపాయిలు మూతి బిగిస్తారు, లేకపోతే సినిమాలో మాటలు చెప్తారు. తిండి అడగండి. లంగర్‌లో ఏం పెట్టేవాళ్ళు, రొట్టె ఎన్నాళ్ళకు అలవాటైంది, వరంగల్‌లో జీటీ ఎక్కితే ఆగ్రా ఎప్పుడు చేరేది, రైల్వే వారంట్ ఎట్లుండేది. తర్వాత మొదటి దూకుడు అడగండి. ఆగ్రా ట్రైనింగ్ స్కూలు, మల్పురా మైదానం, తలుపు దగ్గర ఎర్ర లైటు, పచ్చ లైటు. ఆ పచ్చ లైటు దగ్గరికి వచ్చాక ఏ సిపాయి కూడా మాట ఆపడు. బాపు అయితే కుడి చెయ్యి ముందుకు చాచి చూపించేవాడు, తలుపు అంచు అక్కడే ఉన్నట్టు.

వాళ్ళ మాటల్లో హిందీ ఎక్కువ ఉంటుంది. ఉస్తాద్, బరాక్, పల్టన్, ఫాలిన్. మీరు తెలుగు చేసి రాయకండి, అన్నది అన్నట్టు రాయండి. ఫోన్‌లో రికార్డు చేస్తే అడిగి చేయండి, ముందు తారీఖు, ఊరు, పేరు గట్టిగా చెప్పి మొదలుపెట్టండి. గంట దాటనీయకండి, అలసిపోతారు. మళ్ళీ పోవచ్చు. చనిపోయిన దోస్తు పేరు వచ్చి గొంతు ఆగితే, మీరు కూడా ఆగండి. ఆ రోజుకు ఇంకేమీ అడగకండి.

బాపు గొంతు నా దగ్గర టేప్ రికార్డర్ క్యాసెట్ మీద నలభై నిమిషాలు మాత్రమే ఉంది, అది కూడా తమ్ముడి పెండ్లి పాటల మధ్యలో. ఇంకా బతికున్న సిపాయి మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే కూర్చోండి. సందూక తర్వాతైనా తెరవొచ్చు.

రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం

ప్రతి కోర్‌కు ఒక రికార్డ్ ఆఫీసు ఉంటుంది. మెడికల్ కోర్‌కు లక్నో, పారాచూట్ రెజిమెంట్‌కు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్, బాంబే సాపర్లకు పుణె దగ్గరి ఖడ్కీ, మద్రాస్ సాపర్లకు బెంగళూరు. పారా బ్రిగేడ్‌లో చేసినా రికార్డులు ఉండేది తన కోర్ ఆఫీసులోనే. నేను మొదటి ఉత్తరం బెంగళూరుకు రాసి ఆరు నెలలు ఎదురుచూశాను. తప్పు నాదే.

ఉత్తరం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఒక పేజీకి మించకుండా రాయండి. సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తారీఖు, రిటైరైన తారీఖు పైనే పెట్టండి. మీరు ఏమవుతారో రాసి, దానికి రుజువు జత చేయండి. డిశ్చార్జి బుక్ జిరాక్స్, మరణ ధ్రువీకరణ, మీ ఆధార్ సరిపోయాయి నాకు. ఏం కావాలో గీత గీసినట్టు అడగండి: "ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు ఏ యూనిట్‌లో ఉన్నాడు, ఏ పతకాలు మంజూరయ్యాయి." పూర్తి సర్వీసు చరిత్ర పంపమంటే జవాబు రావడం కష్టం. అవ్వ బతికి ఉంటే ఆమె సంతకంతో పంపితే ఇంకా మంచిది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే ఉత్తరం ఎట్లా రాయాలో చెప్పి, తమ ద్వారా పంపించే వీలు కూడా చూస్తారు. డిశ్చార్జి బుక్ అసలుది మాత్రం ఎవరికీ పోస్టులో పంపకండి.

శౌర్య పతకాలు ఉంటే గెజిట్‌లో వెతకండి, ఎందుకిచ్చారో నాలుగు వాక్యాలు అందులో ఉంటాయి. వీరమరణం పొందినవాళ్ళ పేర్లు ఢిల్లీలో 2019లో తెరిచిన నేషనల్ వార్ మెమోరియల్ గోడల మీద చెక్కారు.

ఒక జాగ్రత్త. సర్వీసు నంబరు, పీపీఓ నంబరు, బ్యాంకు వివరాలు కనిపించే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పెన్షన్ పేరు చెప్పి ముసలివాళ్ళను మోసం చేసేవాళ్ళు వాటి కోసమే చూస్తుంటారు. మీ ఇంట్లో ఇప్పుడు నౌకరీలో ఉన్న పిల్లగాడుంటే, వాడి యూనిట్, వాడున్న చోటు మీ పుస్తకంలో రానే వద్దు.

రాయడం

నోటుబుక్కు సగం నిండాక రాయడం మొదలుపెట్టండి. పూర్తిగా నిండాలని చూస్తే ఎప్పటికీ మొదలుకాదు. నేను మొదటి ప్రతిలో "వీరుడు", "సాహసి" అనే మాటలు పేజీకి నాలుగు వాడాను. తర్వాత అన్నీ కొట్టేశాను. బాపు ఎవరి గాయానికి కట్టు కట్టాడో చెప్తే సరిపోయేచోట ఆ మాటల అవసరం రాలేదు.

బ్రిగేడ్ చేసిందంతా మీ మనిషి ఖాతాలో రాయకండి. "బ్రిగేడ్ ఇది చేసింది, ఆ రోజు బాపు ఇక్కడున్నాడు" అని రెండు వాక్యాలుగా విడదీయండి. హాజీపీర్‌కు మా పుస్తకంలో రెండే వరుసలున్నాయి, ఎందుకంటే బాపు అక్కడ లేడు. ఆగ్రా క్వార్టర్స్‌లో అవ్వ మొదటిసారి రొట్టెలు కాల్చడం నేర్చుకున్న సంగతికి రెండు పేజీలున్నాయి. అవ్వ ఆ పేజీలే మళ్ళీ మళ్ళీ చదివించుకుంటుంది.

మాది అరవై రెండు పేజీలు అయింది. హన్మకొండలో డీటీపీ చేయించి, స్పైరల్ బైండింగ్‌తో పదిహేను కాపీలు తీయించాను. తోబుట్టువులకు, పిల్లలకు పోను, ఒకటి మా ఊరి బడికి, ఒకటి మంథని చిన్నబాపుకు ఇచ్చాను. చిన్నబాపు అక్కడికక్కడే కండ్లద్దాలు పెట్టుకుని టాంగైల్ పేజీ తీశాడు. పెన్ను అడిగి, నేను రాసిన ఒక విమానం పేరు కొట్టేసి పక్కన ఇంకోటి రాశాడు. "మేము దుంకింది ప్యాకెట్ల నుంచి, డకోటా కాదు" అన్నాడు. రెండో ప్రతిలో సరిచేస్తున్నాను.